లోపలికి పిలిచిన గొంతు

కాపురానికి వచ్చిన మూడో వారంలో నేను మా మావయ్యగారిని అన్నానికి లోపలికి పిలిచాను. నేను చేసిందల్లా అంతే.

మా ఆయన అప్పటికే సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. మిలిటరీలో జవాను, కాశ్మీరు వైపు ఉండేవాడు. మా ఊరు కొవ్వూరు నుంచి నిడదవోలు పోయే దారిలో కాలవగట్టు మీద ఉంటుంది. మా వీధిలో ఇంటికొకరు మిలిటరీలో ఉన్నవాళ్ళో, ఉండి వచ్చినవాళ్ళో. మా మావయ్యగారూ ఉండి వచ్చినవారే. డెబ్బై ఒకటిలో బంగ్లాదేశ్ యుద్ధానికి వెళ్ళారని సంబంధం మాట్లాడేటప్పుడు మా నాన్న గొప్పగా చెప్పాడు. ఆయన నోట మాత్రం ఆ సంగతి ఒక్క ముక్క కూడా నేను వినలేదు.

ఆ రోజు అత్తయ్యగారు చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం. మావయ్యగారు పొలం నుంచి వస్తున్న చెప్పుల చప్పుడు వినిపించి వంటింట్లో నుంచే కేకేశాను.

"వచ్చారా మావయ్యగారూ? కాళ్ళు కడుక్కుని రండి, వడ్డించేస్తున్నాను."

జవాబు లేదు. కంచం పెట్టాను, పప్పు వేశాను, మజ్జిగ తెచ్చి పెట్టాను. మనిషి రాలేదు. వెళ్ళి చూస్తే వాకిట్లో నీళ్ళ గోలెం పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో చెంబు వంగిపోయి నీళ్ళన్నీ కాళ్ళ మీద నుంచి కారిపోతున్నాయి. ఆయనకి తెలియడం లేదు. ఎండ నడినెత్తిన ఉంది. ఆయన నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా, నా వెనకాల గదిలోకి చూస్తున్నారు. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"మావయ్యగారూ..."

రెప్ప వెయ్యలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. వడ్డించిన కంచం, దాని మీద ఈగలు. అంతే. అయినా ఇంట్లోకి పోలేక, ఆయన దగ్గరికి వెళ్ళలేక, అక్కడే గోడనానుకుని నిలబడిపోయాను.

ఎంతసేపైందో, అత్తయ్యగారు వచ్చారు. బైబిలు సంచీ అరుగు మీద పెట్టి, ఏమీ అడక్కుండా ఆయన దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నారు. ఆయన నిద్రలోంచి లేచినట్టు ఊపిరి పీల్చి, ఆవిడ వెంట నడిచి లోపలికొచ్చి, కంచం ముందు కూర్చుని మామూలుగా తిన్నారు. పప్పులో ఉప్పు తక్కువైందన్నారు కూడా.

తర్వాత పెరట్లో గిన్నెలు తోముతుంటే అత్తయ్యగారు నా పక్కన కూర్చున్నారు.

"ఆయన్ని ఎప్పుడూ లోపల్నించి పిలవకమ్మాయ్. బయటికెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురా."

"ఎందుకండీ?"

"యుద్ధం నించి వచ్చిన కాణ్ణించీ అంతే. నేనడగలేదు, ఆయన చెప్పలేదు."

ఆవిడ గొంతు ఊళ్ళో అందరికీ తెలుసు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే కాలవ అవతలికి వినిపించేది. అలాంటి మనిషి ఇంట్లో మొగుణ్ణి ఒక్కనాడూ కేకేసి పిలవగా నేను వినలేదు. మొదట్లో అది మర్యాద అనుకున్నాను.

ఆ రోజు నుంచి నాకూ ఆ ఇంటి తలుపంటే ఒక రకమైన భయం పట్టుకుంది. పట్టపగలే. పంపు దగ్గర నుంచి బిందె తీసుకొస్తూ గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగేదాన్ని. ఎండలోంచి చూస్తే లోపలి గది నల్లగా, నోరు తెరిచినట్టు ఉండేది. ఆయనకి అందులో ఏం కనిపించిందో అనుకునేదాన్ని. కనిపించలేదు, వినిపించిందని నాకు తెలిసేసరికి ఏడాది పట్టింది.

కార్గిల్ యుద్ధం అయిన మరుసటి వేసవిలో రాజమండ్రి నుంచి ఒక కార్డు వచ్చింది. మాజీ సైనికులు కొందరు కలిసి మిలిటరీ వాళ్ళ కుటుంబాలకి మీటింగు పెడుతున్నారు. యుద్ధాల్లో పనిచేసి వచ్చినవాళ్ళు మాట్లాడతారు, ఇంటివాళ్ళు ఏమైనా అడగొచ్చు అని అందులో ఉంది. అప్పటికి మా ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చి అయిదు వారాలు దాటింది. ఎవరో ఒకళ్ళు ఆ ఊసు ఎత్తితే చాలన్నట్టు ఉన్నాను. వెళదామన్నాను. అత్తయ్యగారు సరేనన్నారు. మావయ్యగారు "అక్కడేం చెప్తారమ్మా, కథలు" అన్నారు గానీ, ఇద్దరాడవాళ్ళని పంపడం ఇష్టం లేక ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు.

మీటింగు ఒక చర్చి ఆవరణలో ఉన్న పాత హాల్లో. గోడలు ఎత్తుగా, కిటికీలు చిన్నగా ఉన్నాయి. బయట ఏప్రిల్ ఎండ, లోపల మసక. మేమిద్దరం లోపలికి వెళ్ళి కుర్చీలు చూసుకునేసరికి మైకులో ఎవరో "రండి, అందరూ లోపలికి రండి" అంటున్నారు. వెనక్కి చూస్తే ఆయన మెట్ల మీద ఆగిపోయి ఉన్నారు. నేను గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి తడిసిపోయి ఉంది. తీసుకొచ్చి ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చోబెట్టి, నేను ముందు అత్తయ్యగారి పక్కకి వెళ్ళాను.

పాస్టరుగారి ప్రార్థన అయ్యాక మీటింగు నడిపే సుబేదారుగారు లేచారు. లావుపాటి నవ్వుముఖం మనిషి. మంచులో టీ కాచుకోవడం, గడ్డకట్టిన గుడ్డుని సుత్తితో కొట్టడం లాంటివి చెప్పి అందరినీ నవ్వించారు. "ఉత్తరాల్లో ఏడవకండమ్మా, అక్కడ చదువుకునేవాడికి చెయ్యి పట్టుకునే దిక్కుండదు" అన్నారు. బానే ఉంది అనుకున్నాను.

తర్వాత చంకలో కర్రతో ఒకాయన వచ్చారు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. మందుపాతర పేలి కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. మైకు సరిచేసుకుని, వాతావరణం గురించి చెప్తున్నట్టు నెమ్మదిగా చెప్పారు.

"నా కాలు ఇంకా అక్కడ మంచులోనే ఉందండి. నాకు తెలుస్తూనే ఉంటుంది. ఇప్పుడు మీరందరూ చెమటలు కక్కుతున్నారా, నాకు ఆ పాదం గడ్డకట్టుకుపోతోంది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. లేని వేళ్ళండి. మొదట్లో చెప్తే మా ఆవిడ ఏడ్చేది. ఇప్పుడు ఏమీ అనదు. దుప్పటి తెచ్చి, కాలు లేని చోట మంచం మీద పరుస్తుంది. పరిస్తే తగ్గుతుందండి."

ముందు వరసలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. నా పక్కన కూర్చున్న పిల్ల తల్లి తన చీర కుచ్చిళ్ళు పాదాల మీదికి లాక్కుంది.

ఆయన కూర్చున్నాక ప్రశ్నలడగమన్నారు. చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరికి నేతచీర కట్టుకున్న ఒక పెద్దావిడ లేచింది. చేతిలో ఇన్‌లాండు కవరు.

"మావోడు 'నేను బాగున్నాను' అని రాశాడండి. ప్రతి ఉత్తరంలోనూ అదే రాస్తాడు. బాగున్నానని రాస్తే బాగున్నట్టేనాండి?"

సుబేదారుగారు నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు గిర్రుమంటూ నెమ్మదించి ఆగిపోయాయి. మైకు చచ్చిపోయింది. ఆ మసకలో, ఆ నిశ్శబ్దంలో, మా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"నేను చెప్తానమ్మా."

మావయ్యగారు లేచి నిలబడి ఉన్నారు. అత్తయ్యగారు చటుక్కున నా మణికట్టు పట్టుకున్నారు.

"నేను డెబ్బై ఒకటిలో వెళ్ళానండి," అన్నారు. "బంగ్లాదేశ్‌లో దిగాక నాకు మతిపోయింది. అంతా మన ఊరేనండి. అవే కొబ్బరిచెట్లు, అవే అరటితోటలు, కాలవలు, పడవలు. వరి కోసి పనలు వేసి ఉన్నారు. ఆ గడ్డి వాసన కూడా మనదే. మా కంపెనీలో గోదావరివాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళకి అది పరాయి దేశం. నాకు మాత్రం ఎప్పుడు ఏ మలుపు తిరిగితే ఏమొస్తుందో ముందే తెలిసినట్టు ఉండేది. అక్కడ చెరువుంటుంది అనుకుంటే చెరువుండేది.

"ఒక రోజు మధ్యాహ్నం ఒక ఊళ్ళోకి వెళ్ళాం. జనం లేరు. ఊరంతా వెతకాలి. నాకొక ఇల్లు వచ్చింది. వాకిట్లో నీళ్ళ కుండ, పక్కన అరుగు, తడిక మీద ఆరేసిన చీర. మా ఇల్లేనండి. తలుపు తీసే ఉంది. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, గంజి పొంగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మనిషి లేని ఊళ్ళో అన్నం ఎవరు వండుతున్నారని నాకు తోచలేదు. గుమ్మం ముందుకి వెళ్ళేసరికి లోపల్నించి ఒక ఆడమనిషి పిలిచింది. తెలుగులో పిలిచిందండి. 'వచ్చారా? కాళ్ళు కడుక్కుని రండి' అంది."

అవే మాటలు నేను అన్నాను.

"నేను తుపాకీ గోడకి ఆనించి, బూటు లేసు విప్పడానికి వంగాను. ఇంటికొచ్చాను కదా మరి. నా వెనకున్నవాడు తంజావూరు వైపు కుర్రాడు. నన్ను చూసి నవ్వి, 'ఏం తంబీ, అత్తారింటికొచ్చావా' అని నన్ను దాటుకుని లోపలికెళ్ళాడు. పాకిస్తాన్ వాళ్ళు లోపల మందుపాతర పెట్టి వెళ్ళారు. నాకు చెవుల్లో హోరు తప్ప ఏం తెలీలేదు. కళ్ళు తెరిచేసరికి ఇల్లు లేదు. నా చేతిలో బూటు లేసు ఉంది."

బయట రోడ్డు మీద ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఆ సాయంత్రమే ఇంటికి ఉత్తరం రాశానమ్మా. 'ఇక్కడ కొబ్బరిచెట్లున్నాయి, అంతా మన ఊరిలాగే ఉంది, నేను బాగున్నాను' అని రాశాను."

పెద్దావిడ ఆ కవరుని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. కరెంటు వచ్చి ఫ్యాన్లు తిరగడం మొదలెట్టాయి. అత్తయ్యగారు నా మణికట్టు వదల్లేదు. "ఆ ఉత్తరం నాకు గుర్తుంది," అని మాత్రం, నాకే చెప్తున్నట్టో తనకే చెప్పుకుంటున్నట్టో అన్నారు.

తిరుగు ప్రయాణంలో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. బస్సు గోదావరి బ్రిడ్జి ఎక్కింది. సగం దూరం వెళ్ళాక కింద పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. బస్సు కిటికీలన్నీ గడగడలాడుతున్నాయి. ఆ చప్పుడులో ఎవరికీ వినపడదనుకున్నారో ఏమో, అత్తయ్యగారు అడిగారు.

"ఏమండీ. ఆ పిలిచింది ఎవరి గొంతు? మీ అమ్మదా?"

ఆయన నీళ్ళకేసి చూస్తున్నారు. చాలాసేపు చూసి, "నీది," అన్నారు.

"నాదా?"

"పెళ్ళయి ఏడాది కూడా కాలేదు అప్పటికి. నీ గొంతు నాకు తెలీదా?"

"అంటే ఇన్నేళ్ళూ నేను పిలుస్తాననే భయపడ్డారా?"

"పిలిచింది లోపలికేనే. ఆపింది కాళ్ళు కడుక్కోమని. రెండూ ఒక్క గొంతే అంది. అది నన్ను బతికించడానికి వచ్చిందో, తీసుకుపోవడానికి వచ్చిందో నాకు తెలీదు. ఇంట్లోంచి నువ్వు పిలిస్తే అది నువ్వో, అదో కూడా తెలిసేది కాదు. చెయ్యి తగిలితే తెలిసేది."

గూడ్సు బండి వెళ్ళిపోయింది. కొవ్వూరు దిగేదాకా అత్తయ్యగారు కొంగు నోటికడ్డం పెట్టుకునే ఉన్నారు. ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ఆవిడ పాట ఎత్తుకోలేదు. ఇంకొకావిడ ఎత్తుకుంది. మళ్ళీ ఆవిడ పాడేసరికి వానాకాలం వచ్చింది.

మా ఆయన ఉత్తరం మీటింగు అయిన ఎనిమిదో రోజున వచ్చింది. బాగున్నానని రాశాడు. అంతకు ముందైతే ఎగిరి గంతేసేదాన్ని. ఈసారి ఆ ఒక్క మాటనీ వెలుతురుకి పెట్టి మరీ చూశాను.

మావయ్యగారు మాత్రం మారారు. ఒక పొద్దున నన్ను పిలిచి, "అమ్మాయ్, నీకు ఇంగ్లీషు వచ్చుగా. ఆ తంజావూరు కుర్రాడి ఇంటివాళ్ళకి ఒక ఉత్తరం రాయాలి," అన్నారు. నేను ఇంటర్ చదివాను. వచ్చిన ఇంగ్లీషులోనే మిలిటరీ రికార్డ్స్ ఆఫీసుకి రాశాను. నంబరు, పేరు ఆయనకి నోటికి వచ్చు. మూడు నెలలకి అడ్రసు వచ్చింది. ఆ అడ్రసుకి రాశాను. అతని తమ్ముడి దగ్గర నుంచి జవాబు వచ్చింది. వాళ్ళమ్మ ఇంకా బతికే ఉందనీ, ఆఖరున తన కొడుకు ఏమన్నాడో తెలుసుకోవాలని ఉందనీ రాశాడు. కవర్లో ఫోటో కూడా పెట్టాడు. మిలిటరీ బట్టల్లో, నున్నటి ముఖంతో, చెవులు కొంచెం పెద్దగా ఉన్న పాతికేళ్ళ మనిషి.

మావయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ఫోటోని అరుగు మీద ఎండలో పెట్టి చూశారు. దగ్గరగా చూశారు. దూరంగా పెట్టి చూశారు.

"ఇతను కాదు," అన్నారు.

"నంబరు అదేనండి. పేరూ అదే, తేదీ అదే."

"కాదమ్మా. నన్ను దాటుకుని నవ్వుతూ వెళ్ళినవాడికి గుబురు మీసం. ఎడం బుగ్గ మీద కాలిన మచ్చ. ఇరవై తొమ్మిదేళ్ళ నించీ రోజూ చూస్తున్నాను ఆ ముఖాన్ని. ఇతను కాదు."

"అయితే మీసమున్నతను ఎవరండీ?" అన్నాను.

ఆయన ఫోటోని వదలకుండా అలాగే కూర్చున్నారు. నేను లోపలికెళ్ళి బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టి తిరిగొచ్చినా అలాగే ఉన్నారు. నేను పక్కన కూర్చున్నాక, చాలా నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు చెప్పారు.

"మీసం వాడు మనవాడు కాదు. ఆ ముందురోజు, చెరుకుతోట గట్టు మీద, నేను కాల్చినవాడు."

ఇద్దరి ముఖాలూ ఎప్పుడు తారుమారయ్యాయో ఆయనకే తెలీదు. నవ్వుతూ వెళ్ళిన స్నేహితుడి ఒంటి మీద తను చంపినవాడి ముఖం వచ్చి కూర్చుంది. అన్నేళ్ళూ ఆయన తలుచుకుని బాధపడ్డది ఆ ముఖాన్నే.

"వాడు వెంటనే పోలేదమ్మా," అన్నారు. "దగ్గరికెళ్ళాను. ఏదో అన్నాడు. రెండు మూడు సార్లన్నాడు. మనకొచ్చిన హిందీ కాదు. 'ఖోల్' అన్నది అర్థమైంది, తెరవమంటున్నాడని. ఏం తెరవాలో తెలీలేదు. ఊపిరాడటం లేదేమో అని చొక్కా బొత్తాలు విప్పాను. అది కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. 'మా, బూహా ఖోల్' అన్నాడు. అంతే."

ఆ మూడు ముక్కల్నీ ఆయన అన్న తీరు వేరు. ఆయన గొంతు కాదది. పలికిన మనిషి యాస కూడా అలాగే మిగిలిపోయినట్టుంది. అరుగు మీద, పట్టపగలు, మా పక్కన ఇంకొకరు కూర్చుని అన్నట్టే అనిపించింది. ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న ఉత్తరం వెనక వైపు ఆ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసేశాను.

తంజావూరుకి ఆ సాయంత్రం జవాబు రాయించారు. మీ అబ్బాయి నవ్వుతూ ఉన్నాడు, నాతో హాస్యమాడి వెళ్ళాడు, అతను అన్న ఆఖరి మాట ఇదీ అని ఉన్నదున్నట్టు చెప్పించారు. 'అత్తారిల్లు' అన్న మాటని ఇంగ్లీషులో ఎలా పెట్టాలో తెలియక ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. ఫోటోని అద్దం పక్కన మేకుకి తగిలించారు. రోజూ గడ్డం గీసుకుంటూ ఆ నున్నటి ముఖాన్ని చూసేవారు. "నేర్చుకుంటున్నానమ్మా," అన్నారు ఒకసారి, నేను చూస్తున్నానని గమనించి.

మా ఆయన మరుసటేడు మామిడికాయల రోజుల్లో సెలవు మీద వచ్చాడు. జరిగిందంతా చెప్పి, ఆ కాగితం చూపించాను. వాళ్ళ బ్యారక్‌లో పంజాబు వాళ్ళు చాలామంది. ఆ భాష కొంత పట్టుబడింది. కాగితం చూసి ఒకసారి లోలోపలే చదువుకున్నాడు. మళ్ళీ చదివాడు. ముఖం మారిపోయింది.

"ఇది పంజాబీ. పాకిస్తాన్ వైపు పంజాబులోనూ ఇదే భాష. 'బూహా' అంటే తలుపు," అన్నాడు. "అమ్మా, తలుపు తియ్యి అంటున్నాడు."

మావయ్యగారికి చెప్పాలా వద్దా అని ఇద్దరం తర్జనభర్జన పడ్డాం. వద్దన్నాను నేను. అయినా మర్నాడు పొద్దున్నే మా ఆయన తండ్రి వెంట పొలానికి వెళ్ళాడు. నేను కాలవగట్టు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. పొలం గట్టు మీద ఇద్దరూ ఆగారు. మా ఆయన ఏదో చెప్పాడు. మావయ్యగారు తలెత్తి కొడుకు ముఖంలోకి చూశారు. తర్వాత తలపాగా తీసి చేత్తో పట్టుకుని, గట్టు మీద కూర్చున్నారు. మా ఆయనా పక్కన కూర్చున్నాడు. ఎండ ఎక్కేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

"ఏమన్నారు?" అని తర్వాత అడిగాను.

"'తలుపా' అన్నాడు. కాసేపయ్యాక, 'వాళ్ళమ్మకెవరైనా చెప్పి ఉంటారంటావా' అని అడిగాడు. నాకేం తెలుసు? తెలీదన్నాను. ఆ తర్వాత నా గురించి అడిగాడు. అక్కడ నిజంగా ఎలా ఉంటుందో చెప్పమన్నాడు."

"చెప్పావా?"

"కొంత," అన్నాడు మా ఆయన.